వినదగిన జీవితచరిత్రలు

శ్రవణము నవవిధభక్తులలో మొదటిదని పెద్దలు చెప్పుదురు. భక్తి మాట యటుంచి, విద్యకు గూడ మన దేశమున శ్రవణమే మొదటి మెట్టు. వేదమునకు శ్రుతియని పేరు. మహాభారతమును నైమిశారణ్యమున సూతుడు చెప్పగా శౌనకాది మునులు వినిరి. భాగవతమును శుకుడు చెప్పగా పరీక్షిత్తు వినెను. మన చిత్తూరు సీమలో నేటికిని ద్రౌపదీదేవి గుడులయొద్ద పదునెనిమిది దినములు భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. ఓనమాలెఱుగని ముసలమ్మ యైనను ద్రౌపది యే మాటకు నొచ్చెనో, కుంతి యేమి దాచెనో, గాంధారి యేల కన్నులకు గంత కట్టుకొనెనో తడుముకొనక చెప్పగలదు. ఒకరి జీవితమును మఱియొకరి నోట వినుట మన స్త్రీలకు తరతరాలుగా నున్న చదువు.

ఇప్పుడు సెల్‌ఫోనులో ఆడియో పుస్తకములు వచ్చినవి. పుస్తకమును మొదటినుండి చివరవఱకు ఎవరో చదువగా మనము పని చేసికొనుచు వినవచ్చును. కథలు, నవలలు, పద్యకావ్యములు మొదలు యోగాసనముల వఱకు అన్నియు వినబడుచున్నవి. వీనిలో జీవితచరిత్రలను, ఆత్మకథలను, జ్ఞాపకములను గూర్చి మాకు గలిగిన యభిప్రాయములను సోదరీమణులకు విన్నవింపదలచితిమి. కథను వినుట వేఱు, నిజముగా బ్రతికిన యొక మనుష్యుని కథను వినుట వేఱు. కథలో గొంతుక యలంకారము. జీవితచరిత్రలో గొంతుక సాక్షి. సాక్షి యెట్టిదో యెఱిగినగాని సాక్ష్యమును నమ్మరాదు గదా!

మేము కాపురముండునది పులికాట్ సరస్సు గట్టున. పూర్వులు దీనిని ప్రళయకావేరి యనిరి. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత ఇదియే పెద్దది. దీనికిని సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి. 2022వ సంవత్సరమున ఈ ప్రాంతము నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చినది. మా వారు బడిపంతులు. మా అత్తగారు కన్ను బాగున్నన్నాళ్లు ప్రతిదినము భాగవతమునో భారతమునో చదువనిదే అన్నము ముట్టినవారు కారు. చూపు మందగించిన పిమ్మట పుస్తకము నొడిలో పెట్టుకొని అట్టను తడవుచు కూర్చుండుట మాకు చూడ కష్టముగా నుండెడిది. ఆ కష్టమే మా ఇంట ఈ వినికిడికి మూలము. మధ్యాహ్నము అన్నములైన పిదప వసారాలో ఫోను పెట్టినచో ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు వచ్చి కూర్చుందురు. ఒకరు బియ్యమేఱుదురు, ఒకరు పూలు కట్టుదురు, చేపలమ్మి ఇల్లు చేరిన యామె కాళ్లు చాచికొని కన్నులు మూసికొనును. చదువు వచ్చినవారును రానివారును సమానముగా వినునట్టి సభ ఇంతకంటె మఱియొకటి మాకు గానరాలేదు.

ఈ శ్రవణపుస్తకములు మొదట పుట్టినదే చూపులేనివారికొఱకు. 1934లో అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయమువారు, 1935లో ఇంగ్లండులో అంధుల సేవాసంస్థవారు గ్రామఫోను పళ్లెములమీద పుస్తకములు చదివించి పంపిరి. మొదటి ప్రపంచయుద్ధములో కన్నులు పోగొట్టుకొన్న సైనికులు వానికై ఎదురుచూచిరట. పళ్లెమునకు ఒక్కొక్క ప్రక్క సుమారు 25 నిమిషముల చదువు పట్టెడిది. నవల యొకటి వినవలెనన్న పది పళ్లెములు కావలెను. తరువాత క్యాసెట్లు వచ్చినవి, సీడీలు వచ్చినవి. నేడు అరచేతిలోని ఫోనులో నూఱు పుస్తకములు ఇముడుచున్నవి. తెలుగున గూడ దాసుభాషితము వంటి సంస్థలు మంచి గొంతుకలచేత పుస్తకములు చదివించి యందించుచున్నవి.

మన భాషలో మఱియొక విశేషము కలదు. గయోపాఖ్యానమును, గణపతి నవలను వ్రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు (1867–1946) చిన్ననాటినుండి రేచీకటితో బాధపడి, వృద్ధాప్యమున చూపును పూర్తిగా గోల్పోయిరి. వారి స్వీయచరిత్రము వారు నోట చెప్పగా ఇతరులు వ్రాసికొన్నది. అది కంటితో వ్రాసిన పుస్తకము గాదు. జ్ఞాపకమునుండి నోటికి, నోటినుండి కాగితమునకు వచ్చినది. దానిని మరల నోట చదువుట యనగా పుట్టింటికి పంపుటయే. అందులోని మనుష్యులు, ఊళ్లు, నాటకములు, హాస్యపు మాటలు వినుచున్నంతసేపు, తాతగారొకరు అరుగుమీద గూర్చుండి చెప్పుచున్నట్లే యుండును. చూపు లేని పెద్దలున్న ఇంట మొదట వినిపింపదగిన పుస్తకమిది. ‘ఈయనకును నావలెనే కదమ్మా’ యని మా అత్తగారన్న మాటలో నెంత యోదార్పు గలదో చెప్పనేల?

వినికిడికి వచ్చు జీవితచరిత్రలు మూడు విధములుగా నున్నవి. తన కథను తానే చదువునది మొదటిది. ఒకరి కథను మఱియొకరు ఉన్నదున్నట్లు చదువునది రెండవది. ఒకరి జీవితమును పరిశీలించి, తన మాటలతో తిరిగి చెప్పునది మూడవది.

మొదటి విధమునకు ప్రపంచప్రసిద్ధమైన యుదాహరణము మిషెల్ ఒబామా గారి ‘బికమింగ్’. 2018లో వెలువడిన ఆ పుస్తకమును ఆమెయే సుమారు 19 గంటలు చదివినది. దానికి 2020లో గ్రామీ బహుమానము వచ్చినది. తన తండ్రి రోగమును గూర్చి చెప్పునపుడు కూతురి గొంతుక యెట్లుండునో అట్లే యుండును. దానిని నటింప నక్కఱలేదు. అయితే తన కథను తానే చదువువారందఱును బాగుగా చదువుదురని యనుకొనరాదు. తన గొప్పను చెప్పునపుడు గొంతు పెంచి, తన తప్పును చెప్పునపుడు తొందరపడు వారును కలరు. కాగితముమీద ఆ తొందర కనబడదు. చెవికి మాత్రము దాగదు. కావుననే వినికిడిలో ఆత్మకథకు పరీక్ష యెక్కువ యని మా మతము.

మూడవ విధము మన తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. అమెరికాలో నివసించుచున్న కిరణ్‌ప్రభ గారు, కౌముది యను అంతర్జాల మాసపత్రిక సంపాదకులు, సాహిత్యవేత్తల యొక్కయు సినిమా కళాకారుల యొక్కయు జీవితములను గంటలకొలది ప్రసంగములుగా చెప్పిరి. ఆ పద్ధతిలో హరికథకుని నేర్పు కలదు. ఎక్కడ ఆపవలెనో, ఏ సంగతిని ముందు చెప్పి దేనిని వెనుకకు దాచవలెనో తెలిసిన నేర్పు. విసుగు పుట్టదు. కాని ఇట్టి ప్రసంగమును విన్నపుడు ఒక్కటి మఱువరాదు: మనము విన్నది ఆ మహనీయుని గొంతు గాదు, ఆయనను ప్రేమించిన మఱియొకని తీర్పు. ప్రసంగము వినుట గుమ్మమువఱకు బోవుట. పుస్తకము వినుట ఇంటిలోనికి బోవుట. గుమ్మము చూపినవానికి నమస్కరించి లోపలికి నడువవలెను.

రెండవ విధమే అన్నింటికంటె కష్టమైనది, అన్నింటికంటె ఎక్కువ కనబడునది. దీనికి మా ఊరికి మిక్కిలి దగ్గఱదైన పుస్తకమొకటి కలదు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ గారి ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 1999లో అరుణ్ తివారీ గారి సహాయముతో వెలువడినది. చర్ఖా ఆడియోబుక్స్ వారు దానిని ప్రసిద్ధ కన్నడ నాటకకర్త గిరీష్ కర్నాడ్ గారిచేత చదివించిరి. రామేశ్వరమున బుట్టిన తమిళ మహమ్మదీయుని కథ, కన్నడిగుని కంఠమున, ఆంగ్లభాషలో! అయినను కర్నాడ్ గారెక్కడను తాను కలామ్ గారినని నటింపలేదు. గొప్ప నటుడై యుండియు నటనను ప్రక్కకుబెట్టి, మాటలకు దారి యిచ్చి తాను తప్పుకొనెను. ఇతరుల జీవితమును చదువువారికి ఇదియే ధర్మమని మేము గ్రహించితిమి. ఉత్తరమును చదివి వినిపించువాడు ఉత్తరము వ్రాసినవాడు కాడు గదా!

మాకు ఆంగ్లము స్వల్పముగా మాత్రమే వచ్చును. మా వారు విని కొంత చెప్పిరి. తరువాత వాడ్రేవు చినవీరభద్రుడు గారి తెలుగు అనువాదమగు ‘ఒక విజేత ఆత్మకథ’ను మేమే వసారాలో బిగ్గఱగా చదివితిమి. శ్రీహరికోట పేరు వచ్చునప్పటికి అందఱును నిక్కి కూర్చుండిరి. 1979 ఆగస్టు 10వ తేదీన ఎగురవేసిన ఎస్సెల్వీ-3 బంగాళాఖాతమున గూలినది. 1980 జూలై 18వ తేదీన ఎగిరినది రోహిణిని కక్ష్యలో నిలిపినది. ప్రపంచము తెలిసికొన్న ఆ రెండు దినములును మా సరస్సు కావలి గట్టున జరిగినవే.

అయితే మా సభవారి మనస్సు నిలిచినది రాకెట్టుమీద గాదు. కలామ్ గారిని మదరాసులో ఇంజనీరింగు చదువునకు చేర్చుటకు వేయి రూపాయలు కావలసివచ్చినపుడు, ఆయన యక్క జోహరా తన బంగారు గాజులను, గొలుసును తాకట్టు పెట్టినది. తన సంపాదనతో వానిని విడిపింతునని తమ్ముడు మనసులో ఒట్టు పెట్టుకొనెను. ఆ ఘట్టము గడచి, చదువు ముగిసి, ఉద్యోగము వచ్చి, రాకెట్టు నింగికెగసినది. అందఱును సంతోషించుచుండగా చేపలమ్ము ఆమె కన్నులు తెఱచి, ‘ఆ గాజులు ఇడిపించినాడా లేదా, అయ్యోరమ్మా?’ యని యడిగినది.

ఆ ప్రశ్నను మేము నాటినుండి మఱువలేదు. ఒంటరిగా కంటితో చదువునపుడు మన చూపు కథానాయకుని వెంట పరుగెత్తును. నలుగురు స్త్రీలు కూర్చుండి వినునపుడు, ఎవరో యొకరు వెనుకబడిన మనుష్యునికొఱకు ఆగుదురు. గాజులు తాకట్టు పెట్టిన చేతికి తెలియును, అవి తిరిగివచ్చుట యెంత పెద్ద సంగతియో!

పురుషుల ఆత్మకథలను వినికిడిలో చూచిన కొలది ఇట్టి చేతులు కనబడుచునే యున్నవి. టంగుటూరి ప్రకాశము గారి ‘నా జీవితయాత్ర’ తీసికొందము. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యైన ఆ మహానుభావుని చదువు, తండ్రి పోయిన పిమ్మట, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో నడిపిన పూటకూళ్ల యింటిమీద నిలిచినది. ఎన్ని పూటల పొగ మ్రింగి ఆమె ఆ బారిస్టరును దేశమున కిచ్చినదో! చదువునపుడు అది నాలుగు మాటలలో దాటిపోవును. వినునపుడు పూటకూళ్లమ్మ యను మాటకే మా వసారాలో నిట్టూర్పు వినబడినది.

కందుకూరి వీరేశలింగము పంతులు గారి స్వీయచరిత్రము మన భాషలో ఆత్మకథలకు దారి తీసిన గ్రంథము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములు గారికిని గౌరమ్మ గారికిని జరిగిన మొదటి వితంతువివాహము, దానివెంట వచ్చిన వెలి, బెదిరింపులు, స్నేహితుల వెనుకంజలు చదివినచో ఇంత ధైర్యమెక్కడిదని ఆశ్చర్యము గలుగును. ఆ గ్రంథమును మేము ఫోనులోనికి చదివితిమి. పురుషుని కథను స్త్రీ చదువుటలో నొక వింత గలదు. మా ఆడుగొంతుకతో ‘నా భార్య’ యని చదువగానే వినువారు మొదట నవ్విరి. రెండవమారు నవ్వలేదు. మూడవమారు మా అత్తగారు, ‘ఆయమ్మ ఏమనిందే అమ్మాయీ? అది రాయలేదా?’ యనిరి.

ఆయమ్మ రాజ్యలక్ష్మమ్మ గారు. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. రాజ్యలక్ష్మి యన్నది అత్తింటి పేరు. వంటవాండ్రు, నీళ్లు తెచ్చువారు ఇల్లు విడిచిపోగా, గోదావరినుండి బిందెతో నీరు మోసి, పెండ్లివారికి వంట చేసి, దిక్కులేని బాలవితంతువులకు తల్లియై నిలిచినది. 1910లో భర్తకంటె ముందుగా గతించినది. పంతులు గారు ఆమెను గౌరవముతోనే వ్రాసిరి, అది నిజము. అయినను చెప్పినది ఆయన గొంతుక. వెలివేయబడిన ఇంటిలో పేరంటమునకు పిలుచువారు లేక ఆమె యెట్లు దినములు గడపినదో, పుట్టింటివారి మాటలకు లోలోపల ఏమి బదులు చెప్పికొన్నదో ఆమె నోట మనకు దక్కలేదు. పుస్తకములో లేని యీ గొంతుకను వినికిడి కల్పించి యియ్యలేదు. కాని అది లేదని తెలిసికొనునట్లు చేయుచున్నది. ఇది చిన్న లాభము గాదు.

అయినచో స్త్రీలు తమ్ము గూర్చి చెప్పికొనలేదా? చెప్పికొనిరి. మొల్ల తన రామాయణపు అవతారికలో తన్ను గూర్చి తాను చెప్పికొన్నది. వంగదేశమున రాససుందరీదేవి యను గృహిణి, స్త్రీ చదువుట దోషమను దినములలో, వంటయింటిలో దాగి అక్షరములు నేర్చి, పందొమ్మిదవ శతాబ్దిలో ‘ఆమార్ జీబన్’ అను తన కథను వ్రాసినది. మన భాషలో భానుమతీ రామకృష్ణ గారి ‘నాలో నేను’ కలదు. దీనిని ఇతరులు చదువుటలో నొక చిక్కు గలదు. 1951 నాటి మల్లీశ్వరిలోని ఆమె పాట విననివారు తెలుగునాట లేరు. ఆ ఠీవి, ఆ బిగువు మన చెవిలో నిలిచియుండగా, మఱియొకరు ‘నేను’ అని చదివినచో మనస్సు వెంటనే ఒప్పదు. చదువువారు ఆమెను అనుకరింపబూనిరా, మఱియు చెడును. ఇట్టి పుస్తకమునకు నిదానమైన, తన్ను తాను మఱుగుపఱచుకొను గొంతుక కావలెను.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ 2012లో వెలువడినది. అప్పటికామెకు తొంబదియేండ్లు దాటినవి. ఊహ తెలియని వయస్సున పెండ్లి, ఏడేండ్లు నిండునంతలో వైధవ్యము, 1939లో కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహము, ఉద్యమము, రహస్యజీవితము, భర్త విడిచిపోవుట, నడివయస్సున హైదరాబాదులో ఆంధ్రమహిళాసభలో చేరి మరల బడిపిల్లవలె చదువుట, కాకినాడలో విద్యార్థినుల వసతిగృహమున ఉద్యోగము, కొడుకును కూతురును దక్కకపోవుట: ఇన్నింటిని ఆమె గొంతు పెంచక చెప్పినది. 2018లో నూఱవయేట గతించినది. ఈ పుస్తకమును బిగ్గఱగా చదువునపుడు మేము నేర్చికొన్నది, దుఃఖమున్నచోట చదువువారు దుఃఖపడరాదని. వ్రాసినామె కన్నీరు నింపుకొని మాట కూడదీసికొన్నచోట మనము ఏడ్చి చదివినచో, ఆమె నిబ్బరమును దొంగిలించినవారమగుదుము. వినువారి కన్నీరు వినువారికే వదలవలెను.

ఇంకొక పుస్తకమును ఇచట తప్పక పేర్కొనవలెను. తెలంగాణ రైతాంగపోరాటములో పాల్గొన్న స్త్రీలయొద్దకు స్త్రీశక్తి సంఘటన వారు టేపురికార్డరు తీసికొనిపోయి, వారి కథలను వారి నోట చెప్పించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యని ప్రకటించిరి. చాకలి ఐలమ్మ గారు, మల్లు స్వరాజ్యము గారు మొదలగువారు అందు మాటలాడుదురు. ఇది గొంతుకనుండి పుట్టిన పుస్తకము. ఎవరి యాస వారిదే. ‘నేను చేసితిని’ అనుచోట ‘మేము చేసితిమి’ అనుట, కొన్ని సంగతులకడ మాట తడబడుట, కొన్నింటికడ మౌనము: ఇవన్నియు సాక్ష్యములో భాగములే. దీనిని చదివి వినిపించువారు ఆ యాసను దిద్ది నాగరికము చేయకుందురుగాక!

ఇక చదువువారి గుణదోషములను గూర్చి మా అనుభవమును సంగ్రహముగా చెప్పెదము. తెలుగులో మొదటి దోషము ఉచ్చారణ. ళకారమునకు లకారము, ణకారమునకు నకారము, ఒత్తక్షరములకు సరళములు పలికినచో మంచి పుస్తకము గూడ నీరుగారును. రెండవది వెనుకనుండి వాయించు సంగీతము. చావు వచ్చినపుడు వీణ, పెండ్లి వచ్చినపుడు సన్నాయి. అది సినిమాకు చెల్లునుగాని ఒక మనుష్యుని యథార్థజీవితమునకు చెల్లదు. మూడవది సంక్షేపము. పుస్తకమును కుదించి చదివినపుడు మొదట గోయబడునవి ఇంటి సంగతులే: పెట్టిన వంట, తాకట్టు పెట్టిన నగ, పురిటిగది. మహాసభల తీర్మానములు మాత్రము మిగులును! కావున కొనుటకు ముందు పూర్తిపాఠమా, సంక్షిప్తమా యని చూచికొనవలెను. నాలుగవది వేగము. ఫోనులో చదువును ఒకటిన్నర రెట్లు తొందరపఱచు మీట యొకటి కలదు. వార్తలకు అది పనికివచ్చునేమో! అర్ధశతాబ్దము బ్రతికిన కథను పది గంటలలో వినుటయే మన మెరుపువేగము. దానిని మఱియు తఱిమి ఏమి సాధింతుము?

భాషనుబట్టియు భేదము గలదు. పంతులు గారి గ్రాంథిక వాక్యము పొడవైనది. క్రియ చివర వచ్చును. చదువువారు ఊపిరి ఎక్కడ తీయవలెనో ముందుగా గుర్తు పెట్టుకొన్నగాని వినువారికి అన్వయము కుదురదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’ దీనికి పూర్తిగా వేఱు. ఆయన వచనము ఇంటిలోని మాటవలె నడచును. చదువుట చేతకానివారు చదివినను అది బ్రతికి బయటపడును. మన రాయలసీమ బిడ్డ తిరుమల రామచంద్ర గారి ‘హంపీ నుంచి హరప్పా దాక’ తిరుపతి చదువులు, చెఱసాల, లాహోరులో తాళపత్రములు మొదలగు వింతలతో నిండి, వినుటకు ప్రయాణము చేయుచున్నట్లుండును. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన గ్రంథమది.

వినుట బద్ధకమని, కంటితో చదివిననే చదువని కొందఱనుట కలదు. పుస్తకమువలన గల లాభములు వినికిడిలో కొన్ని లేవన్న మాట నిజమే. ఛాయాచిత్రములుండవు. పేర్లు, తేదులు కలిసిపోవును. వెనుకటి పుట తిరుగవేసి సరిచూచుట కష్టము. కావున జీవితచరిత్రను వినువారు ఆ పుస్తకమును గూడ ఇంట నుంచుకొనుట మంచిది. కాని తెల్లవాఱుజామున లేచి రాత్రి పదింటివఱకు రెండు చేతులకును తీరిక లేని గృహిణికి, చెవి యొక్కటియే ఖాళీగా నున్నది. ఆ చెవిని పుస్తకమున కిచ్చుట బద్ధకమెట్లగును? చెవిలో తీగ పెట్టుకొని ఒంటరిగా వినుటకంటె, నలుగురు కూడి వినుటను మాత్రము మేము కోరుదుము. ఒంటరిగా విన్నచో గాజుల సంగతి యెవరడుగుదురు?

కావలసిన పుస్తకము ఆడియోగా దొరకనిచో దిగులు వలదు. మన దేశపు చట్టముప్రకారము, బ్రతికియున్నపుడు ప్రకటించిన గ్రంథములపై హక్కు, గ్రంథకర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములవఱకు నుండును. అందువలన 1919లో గతించిన వీరేశలింగము గారి గ్రంథములు, 1946లో గతించిన చిలకమర్తివారివి, 1961లో గతించిన శ్రీపాదవారివి నేడు ఎవరైనను చదివి పదిమందికి పంచవచ్చును. తరువాతివారి పుస్తకములను లోకమునకు పంచవలెనన్న అనుమతి కావలెను. చూపులేనివారికొఱకు చదివి యిచ్చుటకు 2012 నాటి చట్టసవరణ ప్రత్యేకమైన వెసులుబాటు కల్పించినది. ఇట్టి వారికొఱకే 2013లో మరాకేష్ నగరమున జరిగిన ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందుగా ధ్రువపఱచినది మన భారతదేశమే. దినమునకు అరగంట, తలుపు మూసి, ఫ్యాను ఆపి, ఫోను ముఖమునకు జానెడు దూరమున నుంచి, ముందొకమారు మనసులో చదివికొని, పిదప మెల్లగా చదివినచో మూడు నెలలలో పెద్ద పుస్తకమైనను పూర్తియగును.

చివరకు మాట యొకటి. శ్రీహరికోటను 1969లో అంతరిక్షకేంద్రమున కెన్నుకొనునప్పటికి అచట యానాదులు కాపురముండిరి. అడవిలోని దుంప, తేనె, మందుమూలిక యెఱిగినవారు. ఆ దీవిలో తొలి రాకెట్టు లేచిన 1971లో పెండ్లియీడు పిల్లగా నున్న యానాది స్త్రీకి నేడు డెబ్బది దాటియుండును. రాకెట్టు కట్టినవారి కథ ప్రపంచమంతయు వినుచున్నది. దానిని గట్టునుండి చూచినామె కథ ఏ ఫోనులోను లేదు. మన యిండ్లలో గూడ అట్టివారు లేరా? సోదరీమణులారా! మీ యింట వృద్ధురాలున్నచో, మధ్యాహ్నపువేళ ఆమె ప్రక్కన గూర్చుండి, ఆమె సమ్మతి పొంది, ఫోను తెఱచి, ‘అవ్వా, నీ పుట్టింటి పేరేమి?’ యని మొదలుపెట్టుడు. వ్రాయుట రాదని ఆమె సంకోచింప నక్కఱలేదు. చెప్పుట వచ్చును, మనకు వినుట వచ్చును. రాజ్యలక్ష్మమ్మ గారి నోటినుండి దక్కక పోయినది, వీరి నోటినుండియైనను దక్కించుకొందము.